ఇంటిపేరు లేని నూనె

(ఒడిశాలోని రాయగడలో తెలుగువారి కూడికలో ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రికార్డు విని రాసుకున్నది. ఆయన మాట్లాడిన తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినబడుతోందా? ఫ్యాన్లు ఆపకు బాబూ. ఉక్కకి వీళ్ళు లేచిపోతే నేను గోడలకి చెప్పుకోవాలి.

మొన్న మా ఇంటికి పాలు పోసే ఆవిడ చేటలో బియ్యం తెచ్చి నా ముందు పెట్టింది. "మాస్టారూ, ఇయి సూడండి. కంట్రోలు బియ్యంలో పిలాస్టిక్కు కలిపేత్తన్నారు. నీల్లల్లో ఏత్తే తేలిపోతన్నాయి. నాకూ మా కోడలికీ రోజూ ఏరడమే పని" అంది. చూశాను. కాస్త రంగు తేడాగా ఉన్న గింజలు అక్కడొకటి అక్కడొకటి ఉన్నాయి. అవి ప్లాస్టిక్కు కాదు. బియ్యపు పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 విటమిను కలిపి మరలో గింజలాగా ఒత్తుతారు. వంద కిలోల మామూలు బియ్యానికి ఇవి ఒక కిలో. 2021 ఆగస్టు 15న ఎర్రకోట మీంచి ప్రధానమంత్రి చెప్పిన పథకం ఇది. రక్తహీనతకి మందుగా సర్కారు ఏరికోరి కలిపితే, ఆ మందునే ఈవిడ ఏరి పారేస్తోంది. ఆవిడని నేను తప్పుపట్టను. ఆవిడకి ఎవరు చెప్పారు గనక?

చెప్పలేదా అంటే, చెప్పారు. గోనె మీద అచ్చువేశారు. ప్లస్ గుర్తు, పక్కన ఎఫ్ అక్షరం. కొన్నాళ్ళు దాంతోపాటు ఒక హెచ్చరిక కూడా ఉండాలన్నారు. తలసీమియా అనే రక్తరోగం ఉన్నవాళ్ళు డాక్టరుని అడిగి తినాలని, సికిల్ సెల్ అనే ఇంకో రక్తరోగం ఉన్నవాళ్ళు తినొద్దని. నిపుణులు మళ్ళీ పరిశీలించి అక్కర్లేదంటే 2024లో ఆ హెచ్చరిక తీసేశారు. మంచిదే. కానీ అది అచ్చులో ఉన్న రోజుల సంగతి చూడండి. సికిల్ సెల్ మన కొండ ఊళ్ళలో ఎంతుందో మీకు నేను చెప్పాలా? డీలరు గోనె విప్పుతాడు, తూకం వేస్తాడు, మన సంచిలో పోస్తాడు. సంచి మన ఇంటికొస్తుంది. గోనె డీలరు దగ్గరే ఉండిపోతుంది.

నేను మాట్లాడాల్సింది జీఎం తిండి గురించి, అంటే జన్యుమార్పిడి పంటల తిండి. ఆ బియ్యానికీ జీఎంకీ ఏ చుట్టరికమూ లేదు. కానీ ఆ గోనె మీ బుర్రలో ఉంటే, తక్కినది నేను సగం మాటల్లో చెప్పొచ్చు.

జన్యుమార్పిడి అంటే ఏమిటి? మా తాతల కాలంలో రైతు మంచి కంకి చూసి విత్తనానికి దాచుకునేవాడు. తర్వాత శాస్త్రవేత్తలు వరికీ వరికీ పెళ్ళి చేశారు. మన చుట్టుపక్కల ఎటు చూసినా కనబడే స్వర్ణ అలా వచ్చిందే. ఆంధ్రలో మారుటేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టి ఒడిశాకి కాపురానికొచ్చింది. ఇదంతా వావివరసలు చూసి చేసిన సంబంధం. జన్యుమార్పిడిలో వావివరసలు ఉండవు. నేలలో బాసిల్లస్ తురింజియెన్సిస్ అని ఒక సూక్ష్మజీవి ఉంది. బీటీ అంటే దాని పొట్టిపేరే. దాని జన్యువొకటి తీసుకొచ్చి పత్తి మొక్కలో పెట్టారు. అప్పటినుంచి మొక్క ఒళ్ళంతా ఒక మాంసకృత్తు తయారవుతుంది. కాయ తొలిచే పురుగు కొరికిందనుకోండి, దాని పేగులో ఉండేది క్షారం. ఆ క్షారంలో ఈ మాంసకృత్తు విడివడి, పేగు గోడకి అంటుకుని చిల్లులు పెడుతుంది. పురుగు చస్తుంది. మన కడుపులో ఉండేది ఆమ్లం. పైగా అది అంటుకోవడానికి కావలసిన చోటు మన పేగులో లేదు. అందుకే ఈ సూక్ష్మజీవిని పొడిగా చేసి సేంద్రియ రైతులు కూడా చల్లుతారు, దశాబ్దాలుగా.

2002 మార్చిలో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఇప్పుడు దేశం మొత్తం మీద పత్తి చేలల్లో నూటికి తొంభై పైన అదే. మన జిల్లాలో గుణుపురం, మునిగుడ, బిస్సమ్‌కటక్ వైపు వెళ్తే కళ్ళకే కనబడుతుంది. ఒకప్పుడు సామలు, చోళ్ళు, కందులు పండిన మెట్టలు ఇప్పుడు తెల్లగా ఉంటున్నాయి.

పేపర్లో ఏం చదువుతాం? "భారతదేశంలో జీఎం తిండి పంట ఒక్కటి కూడా అమ్మకానికి లేదు." కాగితం మీద నిజమే. ఇప్పుడు వంద కిలోల పత్తి జిన్నింగు మిల్లుకి వెళ్ళిందనుకోండి. దూది మూడోవంతు. మిగతాది, అరవై కిలోల పైన, గింజ. ఆ గింజ ఎక్కడికి పోయింది? ఏట్లో పారబోశారా? గానుగకి పోయింది. చెక్క మన గేదెలకొచ్చింది. నూనె మన మూకుట్లోకొచ్చింది. దేశంలో ఏటా 10 లక్షల టన్నులకి పైగా పత్తిగింజల నూనె తయారవుతుంది. మిక్చరు ప్యాకెట్టు వెనక సన్నక్షరాల్లో చదవండి, కాటన్‌సీడ్ అని చాలాసార్లు కనబడుతుంది. కనబడని చోట కూడా ఉండొచ్చు. ఇంక సోయా నూనె. అర్జెంటీనా నుంచి, బ్రెజిల్ నుంచి ఓడల్లో వస్తుంది. అక్కడి సోయా దాదాపు అంతా జీఎమ్మే. 2021 ఆగస్టులో కోళ్ళ మేతకని 12 లక్షల టన్నుల జీఎం సోయా చెక్క దిగుమతికి సర్కారే తలుపు తీసింది. కోడి తిన్నది, కోడిని మనం తిన్నాం. ఎవరికీ ఏమీ కాలేదు. అయితే ఎవరికీ ఎవరూ చెప్పనూ లేదు.

మా నాన్నగారికి గుణుపురంలో కిరాణా కొట్టు ఉండేది. మూడు డబ్బాలు. నువ్వుల నూనె, వేరుశనగ నూనె, ఒడియావాళ్ళకి ఆవనూనె. ఆయన మూత తియ్యకుండానే చెప్పేవారు ఏది ఏదో. ఎవరైనా కల్తీ నూనె తెస్తే వేలు ముంచి, వాసన చూసి, "ఇది ఏ ఊరి కోడలో కనుక్కో" అనేవారు. (నవ్వులు) ఇప్పుడు ఏ నూనెకీ వాసన లేదు, రంగు లేదు. అన్నీ తెల్లగా, తేటగా, ఒకే తల్లి పిల్లల్లా ఉంటాయి. వాసన తీసేసిన రోజునే నూనెకి ఇంటిపేరు పోయింది.

ఒక పక్కమాట. పత్తిగింజలో గాసిపాల్ అని విషం ఉంటుంది. బీటీ రాకముందు కూడా ఉంది. దేవుడు పెట్టిన విషమే అది. శుద్ధి చేసి తీసేస్తేనే ఆ నూనె తినడానికి పనికొస్తుంది. "ప్రకృతి సిద్ధం కాబట్టి మంచిది" అనేవాళ్ళు ఎప్పుడైనా తగిలితే వాళ్ళకి గాసిపాల్ పేరు చెప్పండి, కాసేపు ఊరుకుంటారు.

ఇక భద్రత. ఇక్కడ నా లెక్క సూటిగా చెప్పేస్తాను, దాచుకోవడం ఎందుకు. ఇప్పుడు మార్కెట్లో ఉన్న జీఎం తిండి తింటే రోగాలొస్తాయని నేను నమ్మను. అమెరికాలో జాతీయ విజ్ఞానశాస్త్ర అకాడమీలు 2016లో ఒక పెద్ద నివేదిక ఇచ్చాయి. తొమ్మిదివందల పైచిలుకు పరిశోధనలు తిరగేసి, మామూలు తిండికన్నా ఇది మనుషులకి ఎక్కువ ప్రమాదమని చెప్పే ఆధారం దొరకలేదన్నారు. మరి ఎలుకలకి కణుతులు వచ్చాయి కదా, ఫోన్లో బొమ్మ చూశాం కదా అంటారు. ఆ బొమ్మ నాకూ నెలకోసారి వస్తుంది, మా బావమరిది పంపిస్తాడు. అది 2012లో ఫ్రాన్సులో సెరాలినీ అనే ఆయన చేసిన ప్రయోగం. గుంపుకి పదేసి ఎలుకలు. అవి కూడా ఏ తిండి పెట్టినా ముసలితనంలో కణుతులు వచ్చే జాతి ఎలుకలు. అంత తక్కువ లెక్కతో ఏమీ తేలదని, అచ్చువేసిన పత్రికే 2013లో దాన్ని వెనక్కి తీసుకుంది. తర్వాతి ఏడు ఇంకో పత్రిక మళ్ళీ వేసింది. కానీ గొడవ తీరలేదు, బొమ్మ తిరుగుతూనే ఉంది.

అలాగని "భయమే లేదు, కళ్ళు మూసుకుని తినండి" అనేవాళ్ళ మాట కూడా నేను వినను. నా మాట వినండి. సోయా చిక్కుడులో ఒకరకం పోషకం తక్కువని, బ్రెజిల్ నట్ అనే గింజలోని జన్యువు దానిలో పెట్టారు. బ్రెజిల్ నట్ పడనివాళ్ళ రక్తంతో పరీక్షిస్తే, ఆ పడనితనం సోయాలోకీ వచ్చేసిందని తేలింది. 1996లో ఆ సంగతి అచ్చయింది. ఆ సోయా బజారుకి రాలేదు. చూశారా, ప్రమాదం నిజంగానే ఉంది. పరీక్ష చేశారు కాబట్టి గుమ్మం బయటే ఆగిపోయింది. ఏ జీఎం పంటకాపంటని విడిగా చూడాలి. "జీఎం మంచిదా చెడ్డదా" అని గంపగుత్తగా అడిగితే, మందులు మంచివా చెడ్డవా అని అడిగినట్టే.

ఇంకోటి స్టార్‌లింక్ మొక్కజొన్న. పశువుల మేతకి మాత్రమే అనుమతి. మనుషులకి పడకపోవచ్చేమోనన్న అనుమానం తీరలేదు కాబట్టి అలా కట్టడి చేశారు. 2000లో చూస్తే అమెరికాలో జనం తినే మొక్కజొన్న రొట్టెల్లో తేలింది. మేతకి పండించింది మనిషి కంచంలోకి ఎలా వచ్చింది? ఒకే లారీ, ఒకే గాదె, ఒకే మర. అంత లెక్కాపత్రం ఉన్న దేశంలోనే అది ఆగలేదు. మన గుణుపురం సంతలో ఆగుతుందా?

సంత అన్నాను కాబట్టి విత్తనాల సంగతి చెప్తాను. ఇది నాకు కడుపు మండే సంగతి, కాస్త ఎక్కువసేపు పడుతుంది.

బీటీ పత్తి వచ్చిన కొత్తలో ప్యాకెట్టు పెట్టెలో రెండు సంచులుండేవి. 450 గ్రాములు బీటీ, 120 గ్రాములు మామూలు పత్తి. మామూలుది చేను చుట్టూ వెయ్యమనేవారు. ఎందుకంటే, చేనంతా బీటీ అయితే దాన్ని తట్టుకునే ఒకటీ అరా పురుగు మాత్రమే బతికి, వాటికవే జతకట్టి, మొత్తం జాతే మొండిదైపోతుంది. చుట్టూ మామూలు పత్తి ఉంటే అక్కడ మామూలు పురుగులు బతుకుతాయి. మొండివి వాటితో కలుస్తాయి, మొండితనం పలచబడుతుంది. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి. రైతులు ఏం చేశారు? చిన్న సంచి గట్టు మీద పారేశారు. "ఊరికే ఇచ్చింది, మంచిదై ఉండదులే మాస్టారూ" అన్నాడు నాతో ఒకాయన. దాని మీద రాసి ఉంది. వాళ్ళకి రాని భాషలో రాసి ఉంది. పదేళ్ళు తిరిగేసరికి గులాబీ రంగు కాయతొలుచు పురుగు తర్వాత వచ్చిన రెండు జన్యువుల బీటీని కూడా లెక్కచేయడం మానేసింది. తప్పంతా ఆ చిన్న సంచిదే అనను. కానీ ఆ సంచి దగ్గర మొదలైంది.

ఇప్పుడు బీజీ త్రీ అంటున్నారు. గడ్డిమందు కొట్టినా చావని పత్తి. దీనికి మన దేశంలో అనుమతి లేదు. అయినా ప్రతి జ్యేష్ఠమాసంలో వస్తుంది, సరిహద్దు దాటి, బిల్లు లేకుండా, మూరెడు పొడుగు కూలీ ఖర్చు మిగులుతుందన్న ఆశ చూపిస్తూ. ప్యాకెట్టు మీద దేవుడి బొమ్మో హీరో బొమ్మో ఉంటుంది, కంపెనీ పేరుండదు. 2019 జూన్‌లో మహారాష్ట్రలో అకోలా జిల్లాలో షేత్కరీ సంఘటన అనే రైతు సంఘం వాళ్ళు దీన్ని బహిరంగంగానే విత్తి, కేసులు పెట్టుకోండి అన్నారు. కలుపు తియ్యడానికి కూలీలు దొరకని రైతు బాధ నాకు అర్థమవుతుంది. కానీ దాని వెనకాలే గ్లైఫోసేట్ అనే గడ్డిమందు వస్తుంది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్సరు విభాగం దాన్ని "బహుశా కాన్సరు కలిగించేది" అన్న జాబితాలో పెట్టింది. తినేవాడికి మోతాదు తక్కువ. ముక్కుకి గుడ్డయినా లేకుండా వీపున పంపు మోసే, కువి భాష మాట్లాడే కొండ కుర్రాడికో? నన్నడిగితే జీఎం పంట భద్రత గురించి మాట్లాడాల్సింది ముందు వాడితో. 2017లో యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ ఇరవైమంది పైన రైతులు, కూలీలు చచ్చిపోయారు. అవి పురుగుమందులు, గ్లైఫోసేట్ కాదు. బీటీ ఉండగా పురుగుమందు అన్ని సార్లు ఎందుకు కొట్టాల్సొచ్చిందన్నదే ప్రశ్న.

ఆ బీజీ త్రీ గింజ జిన్నింగు మిల్లులో మామూలు బీటీ గింజతో కలిసిపోతుంది. అనుమతి లేని పంట నూనె కూడా మన మూకుట్లోకి వచ్చినట్టే కదా. అడిగేవాడు లేడు.

వంకాయ కథ మీకు గుర్తుండే ఉంటుంది. 2009 అక్టోబరులో జీఈఏసీ, అంటే ఈ పంటలకి అనుమతులిచ్చే కేంద్ర కమిటీ, బీటీ వంకాయకి సరే అంది. అప్పటి మంత్రి జైరాం రమేశ్ ఆగండి అని ఏడు ఊళ్ళలో జనం మాట విన్నారు. మన భువనేశ్వర్ ఉంది అందులో, నాగపూర్ ఉంది, హైదరాబాద్ ఉంది. భువనేశ్వర్ వెళ్దామని టికెట్టు కూడా తీశాను. కాలేజీలో ప్రాక్టికల్సు పడ్డాయి, పోలేకపోయాను. ఇప్పటికీ బాధే. 2010 ఫిబ్రవరి 9న ఆయన నిలుపుదల ప్రకటించారు. ఆయన చెప్పిన కారణాల్లో నాకు నచ్చింది ఒకటుంది. పరీక్షలన్నీ కంపెనీ చేసుకున్నవే, వేరేవాళ్ళు చేసిన పరీక్షలు కావాలన్నది. పెళ్ళికొడుకు గుణగణాలు పెళ్ళికొడుకునే అడిగితే ఏం చెప్తాడు? వంకాయలో వేల రకాలు పుట్టిన నేల ఇది. నయాగఢ్ ముళ్ళ వంకాయకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అటు పక్క బంగ్లాదేశ్ 2013లో సరే అని, 2014లో రైతులకి మొక్కలిచ్చింది. పురుగుమందు కొట్టడం తగ్గిందన్న లెక్కలు అక్కడ వచ్చాయి, అవి కొట్టిపారేసేవి కావు. లేబుల్ వెయ్యాలన్నది కూడా అనుమతి షరతుల్లో ఉంది. సంతలో తట్టలో పోసిన వంకాయకి లేబుల్ ఎక్కడ అతికిస్తారు చెప్పండి? తొడిమకా?

ఆవ సంగతి రెండు ముక్కల్లో. డీఎంహెచ్-11 అనే జీఎం ఆవని ఢిల్లీ విశ్వవిద్యాలయంలో దీపక్ పెంటల్ బృందం తయారుచేసింది. 2022 అక్టోబరులో షరతులతో అనుమతి వచ్చింది. 2024 జూలైలో సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో తీర్పు ఇచ్చారు. దేశానికో జీఎం విధానం కావాలని మాత్రం ఇద్దరూ అన్నారు. ఇది మనకెందుకు అనుకోకండి. పక్కింటి ఒడియా అక్క చేసే ఆవపిండి కూర బేసరలోనూ ఆవే, మన ఆవకాయలోనూ ఆవే. ఈ ఊళ్ళో రెండు వంటిళ్ళకీ ఒకేసారి తగిలే పంట అదొక్కటే.

సరే, లేబుల్. చట్టం లేదా అంటే ఉంది. ప్యాకెట్ల తూనికలు కొలతల నిబంధనలు మార్చి, 2013 జనవరి 1 నుంచి జీఎం తిండి ఉన్న ప్యాకెట్టు మీద పైభాగాన "జీఎం" అని రాయాలన్నారు. ఇన్నేళ్ళలో నా కంటికి ఒక్కటి కూడా కనబడలేదు. మీలో ఎవరికైనా కనబడిందా? చూశారా. తర్వాత 2021 నవంబరులో ఆహార భద్రత సంస్థ, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ఒక ముసాయిదా తెచ్చింది. ఒక పదార్థంలో నూటికి ఒక వంతు గాని, అంతకు మించి గాని జీఎం ఉంటే రాయాలని. యూరపులో ఆ గీత 0.9 దగ్గరుంది. అమెరికాలో, తెలియక కలిసిపోయినదైతే, 5 దాకా ఊరుకుంటారు.

అసలు తగాదా ఈ అంకెల దగ్గర లేదు, మా నాన్నగారి డబ్బా దగ్గరుంది. శుద్ధి చేసిన నూనెలో మాంసకృత్తు ఉండదు, జన్యువు జాడ కూడా దాదాపు మిగలదు. ల్యాబులో పెట్టినా ఇది బీటీ పత్తిదా, మామూలు పత్తిదా అని తేల్చడం కష్టం. "తేడా దొరకనప్పుడు పేరెందుకు?" అని ఒక వాదన. అమెరికాలో 2022 నుంచి తప్పనిసరి చేసిన నియమం బాగా శుద్ధి చేసిన నూనెల్ని వదిలేసింది, ఈ లెక్కనే. యూరపు వాళ్ళు అలా కాదన్నారు. నూనెలో దొరక్కపోయినా, ఏ చేను నుంచి వచ్చిందో కాగితాలు వెంట రావాలి, పేరు రాయాలి అన్నారు.

నేను యూరపు పక్షం. భయపడి కాదు. లేబుల్ అంటే విషం సీసా మీద పుర్రె బొమ్మ అనుకుంటున్నారు రెండు పక్షాల వాళ్ళూ. వద్దనేవాళ్ళు ఆ బొమ్మ చూసి జనం పారిపోతారంటారు, కావాలనేవాళ్ళు ఆ బొమ్మే కావాలంటారు. నాకు కావలసింది ఇంటిపేరు. మన ఊళ్ళో కొత్తమనిషి కనబడితే "ఎవరి తాలూకు బాబూ?" అంటాం. దొంగవా అని కాదు కదా. ఎవరి తాలూకో చెప్తే కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తాం. చెప్పకపోతేనే అనుమానం. అమెరికాలో వెర్మాంట్ అనే రాష్ట్రం 2016లో ముందుగా లేబుల్ తప్పనిసరి చేసింది. తర్వాత జనాన్ని అడిగి చూస్తే, మిగతా చోట్లతో పోలిస్తే అక్కడ జీఎం మీద వ్యతిరేకత 19 శాతం తగ్గిందని 2018లో ఇద్దరు పరిశోధకులు రాశారు. పేరు చెప్పాక భయం తగ్గింది.

అయితే ఏ భాషలో చెప్తారు? ప్యాకెట్టు మీద ఇంగ్లీషు గాని, దేవనాగరిలో హిందీ గాని ఉంటే చట్టానికి చాలు. రాయగడలో కూర్చుని ఆలోచించండి. 1936లో ఒడిశా వేరయినప్పుడు మన తాతలు ఇక్కడ ఉండిపోయారు. మా అమ్మకి తెలుగు చదవడం వచ్చు, ఒడియా మాట్లాడడం వచ్చు. పక్కింటావిడకి ఒడియా వచ్చు. కొండ మీంచి వచ్చేవాళ్ళకి కువి, సవర. ఈ నాలుగు భాషల్లో ఒక్కటి కూడా ఆ ప్యాకెట్టు మీద ఉండదు. ఆకుపచ్చ చుక్క మాత్రం నలుగురికీ తెలుసు, శాకాహారమని. అక్షరం రానివాళ్ళు కూడా చుక్క చూసి కొంటారు. జీఎంకి అలాటి గుర్తు ఒకటి పెట్టండి. ప్యాకెట్టు మీద చాలదు. డ్రమ్ము మీద పెట్టండి, విత్తనం సంచి మీద పెట్టండి, పత్తి చెక్క బస్తా మీద పెట్టండి. మన వైపు తిండి ప్యాకెట్లలో రాదు, విడిగా వస్తుంది.

ఇంకా ఒకటి ఉంది. 2025 మే నెలలో రెండు కొత్త వరి రకాలు ప్రకటించారు. ఒకటి కమల, హైదరాబాదులో మన సాంబ మసూరి నుంచి చేసింది. రెండోది పూసా డీఎస్‌టీ, మారుటేరు కాటన్‌దొర సన్నాల నుంచి చేసింది. రెండూ తెలుగింటి పిల్లలే. కోరాపుట్‌లో వంద రకాల దేశవాళీ వరి కాపాడిన కమలా పూజారి గారిని తలుచుకున్నాను ఆ పేరు వినగానే. వీటిలో బయటి జన్యువు పెట్టలేదు, ఉన్న జన్యువునే ఒకచోట కత్తిరించారు. కాబట్టి ఇలాటివి జీఎం పంటల పాత నియమాల కిందకి రావని 2022 మార్చిలోనే కేంద్రం చెప్పేసింది. నాకు ఈ పద్ధతి మీద భయం తక్కువ, ఆసక్తి ఎక్కువ. కానీ ఈ బియ్యం మిల్లుకి వెళ్ళాక సాంబ మసూరి అనే పేరుతోనే వస్తుందా, కమల అని వస్తుందా? అది అడుగుతాను. సరే, ఇంక మీరు అడగండి.

(సభలోంచి: వరంగల్లులో బీటీ పత్తి చేను మేసి గొర్రెలు చచ్చిపోయాయన్నారు కదండీ?)

2006లో అన్నారు. కాపరులు చెప్పింది నేను అబద్ధమనను, గొర్రెలు చచ్చాయి. పరీక్షలు చూసి జీఈఏసీ బీటీ కారణం కాదంది. నైట్రేట్లు, సైనైడు, పురుగుమందుల అవశేషాలు అయుండొచ్చంది. పత్తి తీసేశాక ఆ చేలో మందు ఎంత మిగిలి ఉంటుందో మన రైతులకి తెలుసు. మీ మేకల్ని మాత్రం పత్తి చేలోకి తోలకండి, ఏ పత్తయినా సరే.

(ఒక మహిళ: జీఎం తింటే పిల్లలు పుట్టరంట కదా, ఆ గింజ మళ్ళీ మొలవదు కాబట్టి?)

అమ్మా, గింజ మొలుస్తుంది. హైబ్రిడ్ కాబట్టి రెండో ఏడు పంట సమంగా రాదు, అందుకే కొత్తది కొంటారు. మొలవని గింజ చేసే పద్ధతికి 1998లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు, దాన్ని ఎక్కడా బజారుకి తేలేదు. గింజ లేని ద్రాక్ష మనం తింటూనే ఉన్నాం, జనాభా ఏమైనా తగ్గిందా? (నవ్వులు)

(మరొకరు: మాస్టారూ, నాది కిరాణా కొట్టు. లూజు నూనె అమ్ముతాను. నేనేటి రాయాల?)

లూజు నూనె అమ్మడమే చట్టప్రకారం కుదరదు బాబూ. ఆ మాట నేను వినలేదు, ఈ రికార్డులో కూడా పడలేదు. (నవ్వులు) మీకొచ్చే డబ్బా మీద ఏముందో చూడండి. ఒక అట్టముక్క తీసుకుని ఒడియాలో, తెలుగులో పెద్దక్షరాలతో రాయండి. పత్తిగింజల నూనె. అంతే. డబ్బాకి వేలాడదీయండి.

(ఆయన: రాత్తే ఎవుడూ కొనడు మాస్టారూ.)

చూశారా. కంపెనీలు ఢిల్లీలో కూర్చుని అంటున్నది కూడా అక్షరాలా ఇదే.